వైరస్ పోయింది, నెట్ కూడా పోయింది: బాగుచేయాలా, తుడిచేయాలా?

తెలుగు డీటీపీ సెంటర్లు చాలావాటిలో ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లే పని నడిపిస్తున్నాయి. అలాంటి సెంటర్ నుంచి ఒక సిస్టం విజయవాడ గవర్నర్‌పేటలోని రిపేరు షాపుకు వచ్చింది. ఎవరో కస్టమర్ తెచ్చిన పెన్‌డ్రైవ్‌తో వైరస్ ఎక్కింది. యాంటీవైరస్ దాన్ని పట్టుకుని తీసేసింది. అప్పటినుంచి ఏ వెబ్‌సైటూ తెరుచుకోవడం లేదు. షాపు నడిపే బాబాయ్ విండోస్ 98 కాలం నుంచి ఈ పనిలోనే ఉన్నాడు. ఆయన అన్న కూతురు హైదరాబాద్‌లో ఒక సంస్థ కంప్యూటర్ల భద్రత చూస్తుంది. ఆ సిస్టం ముందు కూర్చుని ఇద్దరూ సాగించిన వాదన ఇది.

అమ్మాయి: దీనిమీద ఇంత సేపు దేనికి బాబాయ్? ఫైళ్లు కాపీ చేసుకుని, డిస్కు ఫార్మాట్ చేసి, విండోస్ మళ్లీ వేసేస్తే సాయంత్రానికి ఇచ్చేయొచ్చు కదా.

బాబాయ్: విండోస్ వేయడానికి సాయంత్రం దాకా అక్కర్లేదు తల్లీ. ఆ తర్వాతి సంగతి చెప్పు. ఇందులో పేజ్‌మేకర్ 7 ఉంది. అడోబీ దాన్ని 2001లో తెచ్చింది, ఆ తర్వాత పెద్ద వెర్షనేదీ రాలేదు. దానికి తోడు అను స్క్రిప్ట్ మేనేజర్, ఆ సెంటర్ యజమాని ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న ఫాంట్లు, ప్రింటర్ సెట్టింగులు. ఒక్క ఫాంటు తేడా వచ్చినా ఒత్తులు చెదిరిపోతాయి, పేజీలు జరిగిపోతాయి. ఇన్‌స్టాల్ చేసిన సీడీ ఎక్కడుందంటే ఆయనకే తెలీదు. మనం సాయంత్రం ఇచ్చినా ఆయన మళ్లీ పనిలో పడటానికి వారాలు పడుతుంది. అచ్చుకు వెళ్లాల్సిన పుస్తకం ఆగిపోతుంది.

అమ్మాయి: ఆయన కష్టం తెలుసు. కానీ వైరస్ ఒకసారి అడ్మినిస్ట్రేటర్ అధికారంతో నడిచాక ఆ సిస్టంలో దేన్ని నమ్మాలి? యాంటీవైరస్ తనకు తెలిసిన ఫైలు తీసేసింది. తెలియనిది ఉందో లేదో అది చెప్పలేదు. 2004లోనే మైక్రోసాఫ్ట్ భద్రతా నిపుణుడు యెస్పర్ యోహాన్సన్ ఇదే విషయం మీద వ్యాసం రాశాడు. చొరబాటు జరిగిన సిస్టంను శుభ్రం చేయాలంటే మొత్తం తుడిచి మళ్లీ కట్టుకోవడమే దారి అన్నది ఆయన వాదన. ఆ మాట ఇప్పటికీ చెల్లుతుంది.

బాబాయ్: చెల్లదని నేను అనను. ముందు అసలేం జరిగిందో చూడమంటాను. నెట్ రావడం లేదంటే సిస్టం మొత్తం పాడైందని కాదు. కేబుల్ నుంచి బ్రౌజర్ దాకా నాలుగైదు మెట్లున్నాయి, ఏ మెట్టు దగ్గర ఆగిందో పట్టుకోవాలి. ఇదే రూటర్ మీద నా ఫోన్లో నెట్ వస్తోంది, అంటే లైను బాగుంది. ఇప్పుడు ఐపీకాన్ఫిగ్ కొడుతున్నాను. 169.254తో మొదలయ్యే అడ్రసు కనిపిస్తే, రూటర్ నుంచి అడ్రసు అందక విండోస్ తనంతట తానే ఒకటి పెట్టుకుందని అర్థం. ఇక్కడ అలా లేదు, మన రూటర్ ఇచ్చిన అడ్రసే ఉంది.

అమ్మాయి: ఆ 169.254 వెనక కథ నీకు తెలుసు కదా బాబాయ్. జీరోయాక్సెస్ రూట్‌కిట్ సిస్టంలో ఉండే నెట్‌వర్క్ డ్రైవర్లలోకే దూరేది. ఏఎఫ్‌డీ అనే డ్రైవర్ చెడిందంటే డీహెచ్‌సీపీ సర్వీసు మొదలవదు, అడ్రసు రాదు. ఫైర్‌వాల్‌నూ, అది ఆధారపడే బేస్ ఫిల్టరింగ్ ఇంజిన్‌నూ సర్వీసుల జాబితాలోంచే చెరిపేసేది. యాంటీవైరస్ ఆ చెడిన డ్రైవర్‌ను తీసేయగానే నెట్ పోయేది. 2013 డిసెంబరులో మైక్రోసాఫ్ట్, ఎఫ్‌బీఐ, యూరోపోల్ కలిసి దానిమీద చర్య తీసుకునేనాటికి దాదాపు 20 లక్షల కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. అంత లోతుకు పోయిన దాన్ని విడిభాగాలు మార్చి బాగుచేస్తామా?

బాబాయ్: చేశాం. అదే వెర్షన్ విండోస్ నుంచి చెడని డ్రైవర్ తెచ్చిపెట్టి, చెరిగిపోయిన సర్వీసులను రిజిస్ట్రీలో మళ్లీ రాసి నెట్ రప్పించిన సిస్టంలు ఈ బల్లమీదే ఉండేవి. అంతకుముందు కాలంలో విన్‌సాక్ గొలుసు తెగేది. బ్రౌజర్‌కూ నెట్‌కూ మధ్య యాడ్‌వేర్ తన డీఎల్‌ఎల్‌ను ఇరికించేది. మేడ కట్టేచోట చేతులు మార్చుకుంటూ ఇటుకలు అందించే వరుసలోంచి ఒక మనిషి చెప్పకుండా వెళ్లిపోతే ఇటుక కింద పడుతుంది చూడు, ఆ డీఎల్‌ఎల్‌ను తీసేస్తే అలాగే అయ్యేది. జాబితాలో పేరుండేది, ఫైలు ఉండేది కాదు. అప్పట్లో ఎల్‌ఎస్‌పీ ఫిక్స్ అనే చిన్న ప్రోగ్రాం వాడేవాళ్లం. 2004లో ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 వచ్చాక ఒక్క నెట్‌ష్ విన్‌సాక్ రీసెట్ కమాండ్‌తో పని అయిపోయేది. అలాంటి సిస్టంకు ఫార్మాట్ చేయడమంటే కస్టమర్ డబ్బూ సమయమూ రెండూ వృథా చేయడమే.

అమ్మాయి: ఆ కమాండ్‌నే అన్ని రోగాలకూ మందులా కొట్టేవాళ్లను చూశాను. ఆ వరుసలో వైరస్ ఒక్కటే ఉంటుందా? పాత యాంటీవైరస్‌ల భాగాలూ, కొన్ని వీపీఎన్‌ల భాగాలూ ఉంటాయి. అవీ ఎగిరిపోతాయి, మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవాల్సి వస్తుంది.

బాబాయ్: అందుకే చూడకుండా రీసెట్ కొట్టను. ముందు జాబితా చూసి, ఫైల్లో దాచుకుని, ఆ తర్వాతే. సరే, ఇక్కడికి రా. రూటర్‌కు పింగ్ చేశాను, జవాబు వచ్చింది. 8.8.8.8కి చేశాను, వచ్చింది. అంటే బయటికి దారి ఉంది. ఎన్ఎస్‌లుకప్‌లో పేరు అడిగితే అడ్రసు సరిగ్గానే చెప్పింది, డీఎన్‌ఎస్ కూడా పనిచేస్తోంది. మరి బ్రౌజర్ ఎందుకు తెరవడం లేదు? ఇంటర్నెట్ ఆప్షన్స్‌లో కనెక్షన్స్ తెరిచి ల్యాన్ సెట్టింగ్స్ చూడు. ప్రాక్సీ సర్వర్ దగ్గర టిక్ ఉంది, అడ్రసు 127.0.0.1.

అమ్మాయి: ఆ అడ్రసంటే ఇదే సిస్టం.

బాబాయ్: అంతే. వైరస్ ఇక్కడే ప్రాక్సీగా కూర్చుని, బ్రౌజర్ అడిగిందంతా తన గుండా పోయేలా చేసుకుంది. యాంటీవైరస్ దాన్ని తీసేసింది గానీ ఈ సెట్టింగును ముట్టుకోలేదు. బ్రౌజర్ ఇప్పటికీ ఆ తలుపే కొడుతోంది, లోపల ఎవరూ లేరు. ఈ టిక్ తీసేస్తే నెట్ వస్తుంది. ఒక్క టిక్ కోసం డిస్కు మొత్తం తుడిచేద్దామన్నావు నువ్వు.

అమ్మాయి: ఆ టిక్ ఇప్పుడే తీయకు బాబాయ్. నువ్వు కనిపెట్టినదాని అర్థం ఒకసారి ఆలోచించు. ఇన్నాళ్లూ ఈయన బ్రౌజర్‌లోంచి పోయినదంతా దాని చేతుల మీదుగా పోయింది. మెయిలూ, బ్యాంకూ, జీఎస్టీ పోర్టలూ, ఏం చూస్తే అది. నువ్వు నెట్ రప్పించే మార్గం కనిపెట్టావు. నాకు మాత్రం జరిగిన నష్టం ఎంతో కనిపిస్తోంది.

బాబాయ్: బ్యాంకు సైట్లు హెచ్‌టీటీపీఎస్‌లో ఉంటాయి కదమ్మా. మధ్యలో ఎవరు కూర్చున్నా లోపలి మాట చదవలేరు.

అమ్మాయి: ఈ సిస్టం నమ్మే సర్టిఫికెట్ తనదీ ఒకటి పెట్టుకుంటే చదవగలదు. 2015 ఫిబ్రవరిలో బయటపడ్డ సూపర్‌ఫిష్ సంగతి గుర్తుందా? లెనోవో తన ల్యాప్‌టాప్‌లలో ముందే వేసి అమ్మిన యాడ్‌వేర్ అది. ప్రకటనలు చొప్పించడానికి విండోస్ రూట్ సర్టిఫికెట్ల జాబితాలో తన సర్టిఫికెట్ పెట్టేది. ప్రోగ్రాంను తీసేసినా సర్టిఫికెట్ అక్కడే ఉండిపోయేది, దాన్ని విడిగా తీయాల్సి వచ్చింది. సర్ట్‌మ్‌గ్ర్ తెరువు, ట్రస్టెడ్ రూట్ జాబితా చూద్దాం.

బాబాయ్: చూడు, కానీ తెలియని పేరు కనిపించగానే దొంగ అనేయకు. హెచ్‌టీటీపీఎస్‌ను పరీక్షించడానికి యాంటీవైరస్‌లూ తమ సర్టిఫికెట్లు పెడతాయి. ఇదిగో, ఇది ఈయన యాంటీవైరస్‌దే. దాని కింద ఇంకోటి ఉంది. ఏ కంపెనీ పేరూ లేదు. మొదలయ్యే తేదీ, యాంటీవైరస్ తన లాగ్‌లో రాసుకున్న వైరస్ ఫైలు తేదీ ఒకటే.

అమ్మాయి: ఇప్పుడు చెప్పు. టిక్ తీసి, నెట్ వచ్చిందని సిస్టం ఇచ్చేస్తే ఏమయ్యేది? ఆయన సంతోషంగా వెళ్లి ఇదే సిస్టంలో మళ్లీ బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టేవాడు. ఆ సర్టిఫికెట్‌ను వాడుకునేవాడు ఇంకొకడు వస్తే అడ్డుకునేదేమీ ఉండదు. నా భయమంతా అదే. నెట్ తిరిగి వస్తే చాలు, కస్టమరూ మెకానిక్కూ ఇద్దరూ పని అయిపోయిందనుకుంటారు.

బాబాయ్: నీ మాట ఒప్పుకుంటాను. కానీ ఈ సర్టిఫికెట్ దొరికింది వెతికినందుకే. పొద్దున నువ్వన్నట్టు ఫార్మాట్ చేసి ఉంటే ఇది మాయమై ఉండేది, ఆయన పాస్‌వర్డ్‌లు బయటపడి ఉండొచ్చన్న సంగతీ దానితోపాటే పోయేది. కొత్త విండోస్‌లో అవే పాత పాస్‌వర్డ్‌లు కొట్టేవాడు. ఫార్మాట్ సిస్టంను శుభ్రం చేస్తుంది. దొంగ అప్పటికే ఎత్తుకెళ్లినదాన్ని వెనక్కి తేదు, ఏమి ఎత్తుకెళ్లి ఉంటాడో చెప్పే ఆధారాన్ని చెరిపేస్తుంది.

అమ్మాయి: అది నిజం. మా ఆఫీసులో కూడా తుడిచే ముందు డిస్కు మొత్తానికి ఇమేజ్ తీసి దాచుతాం. షాపుల్లో ఆ పని చేసేవాళ్లు తక్కువ.

బాబాయ్: ఫార్మాట్‌తో ఇంకో చిక్కుంది. రోగం సిస్టంలోనే ఉందని అది ముందే అనుకుంటుంది. రూటర్‌లో డీఎన్‌ఎస్ అడ్రసు మార్చేసి ఉంటే? ఫార్మాట్ అయిన సిస్టం మళ్లీ ఆ రూటర్‌నే అడుగుతుంది, మళ్లీ దొంగ అడ్రసుకే పోతుంది. ఇంట్లో ఎన్ని ఫోన్లున్నా అన్నీ అక్కడికే పోతాయి. 2017 జులైలో బీఎస్ఎన్ఎల్ మోడెంలు వేల సంఖ్యలో పడిపోయాయి, గుర్తుందా? పెట్టెలోంచి తీసినప్పటి పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేసిన మోడెంలలోకి మాల్‌వేర్ దూరింది. వాటి వెనక ఉన్న కంప్యూటర్లను వందసార్లు ఫార్మాట్ చేసినా ఒక్క పేజీ తెరుచుకునేది కాదు. ఇంకా వెనక్కి వెళ్తే 2003 ఆగస్టులో బ్లాస్టర్. మైక్రోసాఫ్ట్ జులైలోనే ప్యాచ్ ఇచ్చింది. అయినా ఎక్స్‌పీ కొత్తగా వేసి, ఆ ప్యాచ్ దింపుకుందామని నెట్ తగిలిస్తే, అది దిగేలోపే బ్లాస్టర్ ఎక్కేసేది. సిస్టం రీస్టార్ట్ అవుతుందని నిమిషం గడియారం నడిచేది. ఎటునుంచి వచ్చిందో తెలియకుండా తుడిస్తే అదే దారిన మళ్లీ వస్తుంది.

అమ్మాయి: రూటర్ విషయంలో నీదే పైచేయి. తుడవడానికి ముందే రూటర్ పాస్‌వర్డ్, డీఎన్‌ఎస్, ఫర్మ్‌వేర్ చూసుకోవాలి. కానీ డీఎన్‌ఎస్ మాట నువ్వే ఎత్తావు కాబట్టి డీఎన్‌ఎస్‌ఛేంజర్ సంగతి చెబుతాను. నా వాదనంతా అందులోనే ఉంది. ఎస్తోనియాకు చెందిన ముఠా 2007 నుంచి నడిపిన వ్యవహారం అది. వందకు పైగా దేశాల్లో దాదాపు 40 లక్షల కంప్యూటర్ల డీఎన్‌ఎస్ అడ్రసును తమ సర్వర్ల వైపు తిప్పుకున్నారు. జనాన్ని తాము కోరిన ప్రకటనల పేజీలకు మళ్లించి కోటీ 40 లక్షల డాలర్ల దాకా సంపాదించారు. 2011 నవంబరులో ఎఫ్‌బీఐ ఆపరేషన్ ఘోస్ట్ క్లిక్ పేరుతో ముఠాను పట్టుకుంది. ఆ సర్వర్లను వెంటనే ఆపేస్తే ఏమవుతుంది?

బాబాయ్: ఆ లక్షలమందికీ ఒకేసారి నెట్ పోతుంది. పేరు అడిగితే అడ్రసు చెప్పేవాడే ఉండడు.

అమ్మాయి: అందుకే కోర్టు అనుమతితో ఇంటర్నెట్ సిస్టమ్స్ కన్సార్టియం ఆ స్థానంలో మంచి సర్వర్లు నడిపింది. 2012 మార్చి 8న ఆపేయాలనుకున్నారు, జనం ఇంకా తేరుకోలేదని జులై 9 దాకా పొడిగించారు. ఆ తేదీకి కూడా రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు ఆ అడ్రసులనే అడుగుతున్నాయి. అలా మిగిలిపోయినవి ఎక్కువగా ఉన్న దేశాల్లో మనదీ ఒకటి. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది బాబాయ్. దొంగలు నడిపినన్నాళ్లూ వాళ్లందరికీ నెట్ బాగానే వచ్చింది. జులై 9న నెట్ పోయినప్పుడే తమ సిస్టంలో ఏదో తేడా ఉందని చాలామందికి తెలిసింది. నెట్ వస్తోందంటే సిస్టం ఆరోగ్యంగా ఉందని కాదు. ఒక్కోసారి నెట్ పోవడమే మనకు అందే మొదటి నిజమైన హెచ్చరిక.

బాబాయ్: ఈ ప్రాక్సీ సంగతీ అంతే. వైరస్ ఉన్నప్పుడు నెట్ వచ్చింది, పోయాక ఆగింది. ఆగకపోతే ఆయన ఈ షాపు గడప తొక్కేవాడే కాదు. సరే, ఇప్పుడేం చేద్దామంటావు? సర్టిఫికెట్ తీసేస్తాను. ప్రాక్సీ తీసేస్తాను. హోస్ట్స్ ఫైలు చూశాను, బాగానే ఉంది. స్టార్టప్‌లో, షెడ్యూల్డ్ టాస్కుల్లో, సర్వీసుల్లో, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లలో వెతుకుతాను. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, విండోస్ నడవకుండా బయటినుంచి స్కాన్ చేస్తాను. అప్పటికీ చాలదంటావా?

అమ్మాయి: అక్షరాలు కూర్చే పనికి చాలు. బ్యాంకు పనికి చాలదు. ఈ సిస్టంలో ఉన్నది విండోస్ 7. మైక్రోసాఫ్ట్ దాని మద్దతు 2020 జనవరి 14న ఆపేసింది. నువ్వు ఎంత శుభ్రం చేసినా కొత్త రంధ్రాలకు ప్యాచ్‌లు రావు. ఒకటి అడుగుతాను, సూటిగా చెప్పు. పేజ్‌మేకర్‌కు ఇంటర్నెట్ కావాలా?

బాబాయ్: అక్కర్లేదు.

అమ్మాయి: అను ఫాంట్లకు?

బాబాయ్: అక్కర్లేదు. కానీ ఆయనకు కావాలి. పీడీఎఫ్‌లు మెయిల్ చేయాలి, వాట్సాప్‌లో ప్రూఫులు పంపాలి, కరెంటు బిల్లు కట్టాలి. నెట్ బాగుచేయమని సిస్టం ఇచ్చిన మనిషికి నెట్ తీసేసి ఇస్తే నన్నేమనుకుంటాడు?

అమ్మాయి: నెట్ పనులన్నీ వేరే సిస్టంలో పెట్టమను. కొత్తదే కొనక్కర్లేదు. ఇప్పటి విండోస్‌కు తగిన సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ తీసుకుని, డిస్కు తుడిచి, అప్‌డేట్‌లు వస్తూ ఉండే విండోస్ వేసి ఇద్దాం. మెయిలూ బ్యాంకూ జీఎస్టీ అన్నీ అందులోనే. పేజ్‌మేకర్ సిస్టం అలాగే ఉంటుంది, ఫాంటు ఒక్కటి కూడా కదలదు. నెట్ కేబుల్ మాత్రం తగిలించొద్దు, వైఫై ఆపేయాలి. అందులో మన కంటపడనిది ఇంకేదైనా దాక్కుని ఉన్నా, దొంగిలించినదాన్ని నెట్‌లో బయటికి పంపలేదు.

బాబాయ్: పెన్‌డ్రైవ్ దారి ఉంటుంది. ఈ వైరస్ వచ్చిందే ఆ దారిన. కాన్‌ఫికర్ కూడా 2008 చివర్లో మొదలై పెన్‌డ్రైవ్‌ల మీద ఎన్ని ఆఫీసులు తిరిగిందో నేను చూశాను. అది ఎక్కిన సిస్టంలో అన్ని సైట్లూ తెరుచుకునేవి, యాంటీవైరస్ కంపెనీలవీ మైక్రోసాఫ్ట్‌దీ తప్ప. అందుకని కస్టమర్ తెచ్చిన పెన్‌డ్రైవ్ ముందు ల్యాప్‌టాప్‌లో పెట్టి స్కాన్ చేయాలి. కావాల్సిన ఫైలు మాత్రమే తన సొంత పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇటు తేవాలి. ఇటునుంచి అటు వెళ్లేటప్పుడూ అదే పద్ధతి. ఈ సిస్టంలో ఆటోరన్ ఆపేస్తాను. భారత ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైట్లో స్కాన్ చేసే టూల్స్ ఉచితంగా దొరుకుతాయి, ల్యాప్‌టాప్‌లో అవీ పెడతాను.

అమ్మాయి: చూశావా బాబాయ్, నెట్ ఎలా రప్పించాలని పొద్దున్నుంచీ కొట్టుకుంటున్నాం. ఏ సిస్టంకు నెట్ ఉండాలన్నదే అసలు అడగాల్సిన ప్రశ్న.

బాబాయ్: ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు సిస్టంలో ఏం జరిగిందో తెలియాలి. నా పద్ధతి అక్కడ పనికొచ్చింది. తెలిశాక ఎంతవరకు నమ్మాలో తేల్చుకోవడానికి నీ అనుమానం పనికొచ్చింది. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆయన మోసపోయేవాడు. రేపటినుంచి నా బిల్లుల మీద నెట్ బాగుచేశామని ఒక్క ముక్క రాసి వదలను. ఏం దొరికింది, ఏం మార్చాం, దేన్ని నమ్మొద్దు అని వివరంగా రాసిస్తాను. కస్టమర్‌కు అది తెలిసే హక్కుంది.

అమ్మాయి: మంచి పని. అయినా ఒకటి చెబుతున్నాను. డబ్బు వ్యవహారం నడిచే సిస్టంలో ఇలాంటి సర్టిఫికెట్ కనిపిస్తే మాత్రం నేను ఫార్మాట్ దగ్గర తగ్గను.

బాబాయ్: తగ్గొద్దు. వెతక్కుండా, ఇమేజ్ తీయకుండా ఫార్మాట్ చేయకూడదన్న దగ్గర నేనూ తగ్గను. ముందు ఆయనకు ఫోన్ చేద్దాం. మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు ఇప్పుడే, ఫోన్లోంచే, వేరేవి పెట్టుకోమని చెప్పు. మెయిల్‌కు రెండంచెల ధ్రువీకరణ పెట్టుకుని, మిగతా పరికరాలన్నిటి నుంచీ లాగౌట్ కొట్టమను. బ్యాంకు స్టేట్‌మెంట్ చూసుకోమను, తెలియని లావాదేవీ ఒక్కటి కనబడినా ఆలస్యం చేయకుండా బ్యాంకుకూ సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ ఫోన్ చేయమను. సిస్టం ఎప్పుడిస్తారని అడిగితే రేపు అని చెప్పు. పాస్‌వర్డ్‌ల సంగతి రేపటిదాకా ఆగేది కాదు.